రెండో మనిషి



మా ఊళ్లో ఎండలు ముదిరాక బావుల పూడిక తీసేవాళ్లు. నీళ్లు అడుక్కి దిగిపోయేవి. ఏడాదంతా పేరుకున్న బురద, కుళ్లిన ఆకులు, తెగిపడిన చేదలు, మేం పిల్లలం జారవిడిచిన చెంబులు అన్నీ పైకి తోడేవాళ్లు. మనిషిని దించే ముందు మా తాతయ్య వెలిగించిన లాంతరును తాడుకు కట్టి నెమ్మదిగా బావిలోకి వదిలేవాడు. దీపం అడుగుదాకా వెలుగుతూ వెళితే మనిషి దిగేవాడు. మధ్యలో రెపరెపలాడి ఆరిపోతే ఆ పూటకి పని ఆగిపోయేది. వేపకొమ్మలు కట్టగట్టి, బావిలో పైకీ కిందికీ ఆడించి, చాలాసేపు ఆగి, మళ్లీ లాంతరు దించేవాళ్లు. "మనం పీల్చే గాలే ఆ దీపమూ పీల్చేది" అనేవాడు తాతయ్య. కూలి ఇచ్చి పని చేయించుకునే రైతు, ఆ పని చేసే మనిషి ప్రాణానికి పూచీ పడటం నేను మొదట చూసింది అక్కడే.

తర్వాత పరిశ్రమల్లో సేఫ్టీ ఆఫీసరుగా చాలా ఏళ్లు పనిచేశాను. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు, మంటలార్పే సిలిండర్లు, వీటన్నిటి గురించీ మాట్లాడాను. అయితే ఇవాళ నాకిచ్చిన ఈ కొద్ది నిమిషాలూ ఒక్క విషయానికే కేటాయిస్తాను. గాలి ఆడని చోట్లలోకి మనిషిని దించడం గురించి. మూతపడిన బావి, సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్, అపార్టుమెంటు కింద ఉండే నీళ్ల సంపు, మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు, రొయ్యల ప్లాంటులో మురుగు తొట్టి, ఇవన్నీ ఒక జాతివే. లోపలికి వెళ్లే దారి ఇరుకు, బయటికి వచ్చే దారి అంతకన్నా ఇరుకు, లోపల గాలి బయటి గాలిలాంటిది కాదు.

మనం మామూలుగా పీల్చే గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అది 19.5 శాతం కన్నా తగ్గితే ఆ చోటు పనికి తగినది కాదని భద్రతా ప్రమాణాలు చెబుతాయి. 16 శాతానికి వచ్చేసరికి మనిషి ఆలోచన మందగిస్తుంది. 10 శాతం దగ్గర స్పృహ తప్పుతుంది. 6 శాతం కన్నా తగ్గితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇక్కడొక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఊపిరి బిగబట్టినప్పుడు మనకు కలిగే ఉక్కిరిబిక్కిరి ఆక్సిజన్ తగ్గినందువల్ల వచ్చేది కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందువల్ల వచ్చేది. ఆక్సిజన్ లేని గాలిని పీలుస్తున్నప్పుడు కూడా ఆ కార్బన్ డయాక్సైడ్ ఊపిరితో పాటు బయటికి పోతూనే ఉంటుంది. అందుకని ఉక్కిరిబిక్కిరి అనిపించదు. ఊపిరి హాయిగానే ఆడుతున్నట్టు ఉంటుంది. మోకాళ్లు ఒక్కసారిగా మడతపడతాయి, అంతే. "ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే పైకి వచ్చేస్తాలే" అని దిగేవాళ్లందరూ అనుకుంటారు. తేడాగా అనిపించేదాకా శరీరం ఆగదు.

మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు నైట్రోజన్ సంగతి తెలుసు. మంటలు రాకుండా రియాక్టర్లలో నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, ముక్కు మండదు. లోపలికి దిగనక్కర్లేదు. రియాక్టరు మూత తీసి, లోపల ఏముందో చూద్దామని తల పెట్టి రెండు మూడుసార్లు ఊపిరి పీల్చినా మనిషి అక్కడే వాలిపోతాడు.

ఇక మురుగులో పుట్టే వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. కాస్త ఉన్నా ముక్కు పసిగడుతుంది. అందుకే పనివాళ్లకు ఒక నమ్మకం ఏర్పడింది, వాసన తగ్గితే ప్రమాదం తగ్గినట్టేనని. నిజం దానికి సరిగ్గా తలకిందులు. పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు నూరు పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లోనే వాసన పట్టే శక్తి చచ్చిపోతుంది. ఐదు వందలు దాటితే మనిషి కూలిపోతాడు. వెయ్యికి చేరితే ఒకటి రెండు ఊపిరులే. ఇది గాలికన్నా బరువైనది కనుక అడుగున పేరుకుంటుంది. పైన వంగి చూసినప్పుడు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పైగా బురద కదలనంతసేపు చాలా భాగం ఆ బురదలోనే దాక్కుని ఉంటుంది. పారతో ఒక్కసారి కదిపితే బుడగలుగా పైకి వస్తుంది. దిగే ముందు పరీక్షించి బాగుందనుకున్న చోటే, పని మొదలైన ఐదు నిమిషాలకు మృత్యుకూపం అవుతుంది.

మా తాతయ్య లాంతరు ఈ వాయువును పట్టుకోలేదు. లాంతరుకు తెలిసేది ఆక్సిజన్ ఒక్కటే. మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్‌లో కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటే దీపమే పేలుడుకు కారణమవుతుంది. పాత బావుల కాలానికి అది మంచి పద్ధతి. నేటి ట్యాంకు దగ్గర అగ్గిపుల్ల గీయడం కూడా తప్పే.

మరో రకం గొయ్యి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇల్లు కడుతున్నప్పుడు సంపో, సెప్టిక్ ట్యాంకో కడతారు. పైన స్లాబు వేసి, చిన్న కన్నం వదిలి, రెండు మూడు వారాలయ్యాక సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి మనిషిని దించుతారు. కొత్త ట్యాంకు, ఒక్క చుక్క మురుగు కూడా పడలేదు, ఇందులో విషం ఎక్కడిదని మేస్త్రీ అనుకుంటాడు. క్యూరింగు నీళ్లో, వాన నీళ్లో అడుగున నిలుస్తాయి. తడిసిన చెక్కలు ఆ చీకట్లో కుళ్లుతూ ఉంటాయి. ఆ కుళ్లే లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మన దేశంలో సెంట్రింగ్ విప్పుతూ చనిపోయిన కుర్రాళ్ల వార్తలు ఏటా ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటాయి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో ఇలా జరుగుతుంటే మనసు ఒప్పుకోదు.

అలాగే బావిలోకి డీజిల్ ఇంజను దించి నీళ్లు తోడటం. ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఇంజను ఆగిపోయిందని బాగు చేయడానికి దిగినవాడు ఆ పొగలోకే దిగుతాడు. ఇంజను ఎప్పుడూ ఒడ్డునే, గాలి బయటికి పోయేవైపే ఉండాలి.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పెట్టిన పేరు దగ్గరికి వస్తాను. ఇలాంటి ప్రమాదాలు తరచూ ఒక్కరి చావుతో ఆగవు. ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి ఏడుగురు. ఎందుకు? మొదటివాడు పడిపోయాడు. పైనుంచి చూసిన తమ్ముడో, బావమరిదో, తోటి కూలీయో "అరే!" అంటూ దూకాడు. అతనూ పడిపోయాడు. వాళ్లిద్దరినీ తీయడానికి మూడోవాడు. పని ప్రదేశాల భద్రత మీద పరిశోధన చేసే నయోష్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ 1986లోనే ఒక మాట చెప్పింది. ఇరుకు చోట్లలో చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్లినవాళ్లేనని. దిగిన మనిషి కన్నా, దూకిన మనుషులే ఎక్కువ చనిపోయారన్నమాట.

2015 నవంబరు 26న కేరళలోని కోజికోడ్ నగరంలో, ఆంధ్ర నుంచి పొట్టకూటికి వెళ్లిన ఇద్దరు పనివాళ్లు మ్యాన్‌హోల్‌లో పడిపోయారు. ఆ దారిన ఉన్న ఒక ఆటో డ్రైవరు, వాళ్ల భాష తెలియనివాడు, వాళ్ల ఊరు ఏదో ఎరగనివాడు, కేకలు విని పరుగెత్తి లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ యువకుడి సాహసానికి ఎన్నిసార్లు చేతులెత్తి మొక్కినా చాలదు. కానీ ఆ మ్యాన్‌హోల్ దగ్గర ఒక మోకు, ఒంటికి కట్టే ఒక జీను, లోపలికి గాలి కొట్టే ఒక బ్లోయరు ఉండి ఉంటే అతనికి సాహసం చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు పోయారు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక కోళ్ల హేచరీలో సెప్టిక్ ట్యాంకు ఏడుగురిని పొట్టన పెట్టుకుంది. పడిపోయినవాళ్లను తీయబోయినవాళ్లూ ఆ ఏడుగురిలో ఉన్నారు. ఇలాంటి వార్త పేపర్లో రాగానే "జాగ్రత్త పడలేదు పాపం" అంటాం. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. కళ్లెదుట తన మనిషి పడిపోతే దూకకుండా ఆగడం మనిషి స్వభావంలో లేదు. ఆ క్షణంలో జాగ్రత్త గుర్తుకు రాదు. ఆ క్షణానికి ఏం కావాలో మూత తెరవకముందే యజమాని ఆలోచించి ఉంచాలి. రెండో మనిషి చావు మూత తెరిచిన నిమిషానే ఖాయమవుతుంది.

కాబట్టి యజమానులతో ముందుగా మాట్లాడతాను. యజమాని అంటే ఫ్యాక్టరీ ఓనరే కాదు. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడానికి ఇద్దరు మనుషుల్ని పిలిచి బేరమాడే మీరూ యజమానులే. అపార్టుమెంటు సంఘం సెక్రటరీ గారూ యజమానే.

ఇళ్ల విషయంలో చెప్పాల్సింది చిన్నది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించొద్దు. పైపుతో లాగే ట్యాంకరు బండిని పిలవండి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు కాలువలో గానీ, సెప్టిక్ ట్యాంకులో గానీ మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం. నేరుగా పెట్టుకున్నా, కాంట్రాక్టరు ద్వారా చేయించినా నేరమే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "వాడే ఒప్పుకుని దిగాడండీ" అన్న మాట కోర్టులో నిలవదు. ఆకలితో ఉన్నవాడి ఒప్పుకోలును ఒప్పుకోలు అనలేం కూడా.

ఈ చట్టం వెనక మన తెలుగు మాట్లాడే మనిషి ఒకరున్నారు. కోలార్ బంగారు గనుల్లో, పాకీ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్. ఆయన నడిపించే సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చిలో వచ్చిన ఆ తీర్పు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని కోర్టు 30 లక్షలకు పెంచింది. విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఈ పనికి దిగేవాళ్లు దాదాపు అందరూ కొన్ని కులాల బిడ్డలే కావడం యాదృచ్ఛికం కాదు. తరతరాలుగా వాళ్ల ప్రాణాన్ని మనం చవకగా లెక్కగట్టాం. భద్రత గురించి మాట్లాడుతూ ఈ మాట దాటేస్తే నేను అబద్ధమాడినట్టే.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్ జలమండలి 2017లోనే ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. కేరళ యువకులు బాండికూట్ అనే రోబోను తయారుచేశారు, మ్యాన్‌హోల్‌లోకి అదే దిగి చెత్త తీస్తుంది. మురుగు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రత కోసం కేంద్రం 14420 అనే హెల్ప్‌లైన్ నంబరు కూడా పెట్టింది.

ఇక దిగక తప్పని పనులు. ఫ్యాక్టరీ ట్యాంకుకు లోపల వెల్డింగు చేయాలి, రియాక్టరు లోపలి పూత చూడాలి. ఇలాంటి పనికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 36వ సెక్షన్ ఉండేది. లోపలి గాలిని పరీక్షించి, ప్రమాదం లేదని అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే దిగే మనిషి శ్వాస పరికరం పెట్టుకుని, తాడు కట్టిన బెల్టు వేసుకోవాలి, ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. వినండి, డెబ్బై ఏళ్లు దాటిన చట్టం. తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉండాలో కూడా రాసింది. లోపల వాడే చేతిదీపం 24 వోల్టులకు మించకూడదనీ రాసింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమలవుతోంది. పని చోటును ప్రమాదం లేకుండా ఉంచడం యజమాని బాధ్యత అని అదీ చెబుతోంది. భద్రత కోసం ఇచ్చిన ఏ వస్తువుకూ కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని కూడా చెబుతోంది. బూట్ల ఖరీదు కూలిలో కోసుకునే కాంట్రాక్టర్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పని ఎలా జరగాలో ఒకసారి కళ్లకు కట్టిస్తాను. ట్యాంకులోకి వచ్చే పైపులన్నీ మూసి, వాల్వులకు తాళాలు వేసి, తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉంచాలి. పైన ఎవరో తెలియక వాల్వు తిప్పితే లోపలివాడి గతి ఏమిటో మీరే ఊహించుకోండి. తర్వాత బ్లోయరు. దాని గొట్టం అడుగుదాకా వెళ్లాలి, మూతి దగ్గర పెట్టిన ఫ్యాను వల్ల పైన చొక్కాలు ఎగరడం తప్ప లాభం లేదు. గాలి చాలదని సిలిండర్ ఆక్సిజన్ వదిలేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి, చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గుమంటాయి. అప్పుడు గ్యాస్ మీటరు. నాలుగు వాయువుల్ని చూపే ఈ మీటరు అరచేతిలో పడుతుంది, ధర ఒక మోటారు సైకిలుకు మించదు. పైన, నడుమ, అడుగున మూడు చోట్లా చూడాలి. పని జరిగినంతసేపూ అది దిగినవాడి ఛాతీ మీద మోగడానికి సిద్ధంగా ఉండాలి. నడుముకు కట్టే బెల్టు చాలదు, స్పృహ తప్పిన మనిషి దాన్లోంచి రెండుగా మడతపడి వేలాడతాడు. భుజాలకూ తొడలకూ పట్టే జీను కావాలి. పైన మూడు కాళ్ల స్టాండు, చేత్తో తిప్పే విన్చి. ఇంత ఉంటే, పడిపోయిన మనిషిని ఒక్కడు, పైనే నిలబడి, తిప్పి తీసేయగలడు.

కార్మిక సోదరులారా, ఇక మీతో. తడి తువాలు విషవాయువును ఆపదు. కరోనా నాటి మాస్కూ ఆపదు. ఆక్సిజనే లేని చోట డబ్బా మాస్కు కూడా పనిచేయదు, అది గాలిని వడకడుతుంది గానీ గాలిని పుట్టించదు. వాసన భరించలేక దిగే ముందు ఒక గుక్క వేసుకునే అలవాటు మనవాళ్లలో ఉందని నాకు తెలుసు. ఆ కంపులో నిలబడాల్సి వచ్చినవాణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. అయితే మత్తు వల్ల కాళ్లు తడబడతాయి, తల తిరుగుతున్నా అది మందు వల్లేననుకుంటారు. లోపల ఏముందో, ఎవరు పరీక్షించారో అడిగే హక్కు మీకుంది. ప్రాణాపాయం కనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కూ కొత్త కోడ్ ఇచ్చింది. కాగితం మీద హక్కు ఉన్నంత మాత్రాన రోజు కూలి మనిషి నోరు తెరవడం తేలిక కాదని తెలుసు. అందుకే ఒక్కరుగా అడగకండి. పనికి వచ్చిన నలుగురూ కలిసి "మీటరు ఏది, తాడు ఏది" అని అడగండి.

ఎవరైనా లోపల పడిపోతే దూకొద్దు. పక్కనున్నవాణ్ణి దూకనివ్వొద్దు, కావాలంటే గట్టిగా పట్టుకోండి. 101కి చేసి అగ్నిమాపక దళాన్ని, 108కి చేసి అంబులెన్సును పిలవండి. లోపల గ్యాస్ ప్రమాదం అని ముందే చెప్పండి, వాళ్లు శ్వాస పరికరాలతో వస్తారు. జీను కట్టి ఉంటే లాగండి. బ్లోయరు ఉంటే ఆపకుండా లోపలికి గాలి కొట్టండి. చేతులు కట్టుకుని నిలబడ్డట్టు అనిపిస్తుంది, ఆ బాధ నాకు తెలుసు.

నేను పనిచేసిన ఒకచోట, ట్యాంకు మూతి దగ్గర కూర్చోవడానికి ఒక హెల్పరును పెట్టించాను. యాభై దాటినవాడు. రెండు వారాలపాటు అందరూ అతన్ని ఆడిపోసుకున్నారు. నీడన కూర్చుని కూలి తీసుకుంటున్నాడని. ఖర్చు తగ్గించుకోవాలన్నప్పుడల్లా యాజమాన్యం కన్ను మొదట పడేది ఇలాంటి మనిషి మీదే, ఆయన ఏ పనీ చేస్తున్నట్టు కనిపించడు కదా. ఒక మధ్యాహ్నం లోపలివాడి మీటరు మోగింది. కేక వేస్తే పలకలేదు. పక్కనే ఉన్న పడిపోయినవాడి తమ్ముడు మూతివైపు ఉరికాడు. మా హెల్పరు అతన్ని కిందపడేసి, మోకాలు ఛాతీ మీద అదిమి, ఒక చేత్తో ఆ కుర్రవాణ్ణి పట్టుకుని, రెండో చేత్తో విన్చి తిప్పాడు. కుర్రవాడు తిడుతూ, ఏడుస్తూ, అతని ముంజేతిని కొరికాడు. విన్చి ఆగలేదు. అన్న తల మూతి దగ్గరికి వచ్చాక ఇద్దరూ కలిసి బయటికి లాగారు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో, ముంజేతికి కట్టు కట్టించుకుని కూర్చున్న హెల్పరుకు ఆ తమ్ముడే టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.